పసుపు పెట్టె

మా సందుకు కొళాయి రాకుండా చేసింది నా భార్య సూర్యావతి. ఇందులో వాదనకేమీ లేదు.

బర్మాలో పజుండౌంగ్ కాలువ ఒడ్డున, బియ్యం మిల్లుల వెనక మా వాళ్ళ ఇళ్ళు. అందరం గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళమే. తాగడానికి ఒకటే బావి. పోటు వచ్చినప్పుడల్లా కాలువ నీరు అందులోకి దిగుతుంది. ఏటా ఎండాకాలం కలరా వచ్చి తనకు కావలసినవాళ్ళను ఏరుకుని పోయేది.

పంతొమ్మిది వందల ఇరవై రెండులో దొరలకు మా మీద ప్రేమ పుట్టింది. కాలువ గట్టు భారతీయులకు శాసనసభలో ఒక సీటు అన్నారు. పటం మీద ఎర్ర సిరాతో గీత గీశారు. గీత లోపల రెండు గుళ్ళు, నాలుగు మిల్లులు, ఒక శ్మశానం, మా బావి పడ్డాయి. మునిసిపాలిటీ నీటి గొట్టం గీతకు బారెడు అవతల ఆగింది.

సీటుకు ఇద్దరు నిలబడ్డారు. బొగ్గు మేస్త్రీ దండాసి, గెలిస్తే కొళాయి వేయిస్తానన్నాడు. ధాన్యం దళారి నీలకంఠం ఏమీ అనలేదు. ఆయన ఉండేది గీత అవతల, సంచౌంగ్ పేటలో. ఆయనింట్లో కొళాయి ఉంది.

చదువురాని ఓటర్ల కోసం, నిలబడ్డ ఒక్కొక్కరికీ ఒక రంగు పెట్టె పెట్టారు. ముందు ఎంచుకునే వంతు దండాసికి వచ్చింది. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి సందులో నేనొక్కణ్ణే గనక నన్నడిగాడు.

"నలుపు పట్టు. మనోళ్ళంతా బొగ్గు మోసీవోళ్ళు, మరిసిపోరు," అన్నాను.

నీలకంఠానికి పసుపు మిగిలింది.

ఓట్లకు ముందు ఆదివారం అమ్మవారి గుడిలో కర్పూరం ఆర్పించి అందరిచేతా ప్రమాణం చేయించాను. నల్ల పెట్టె అని ముమ్మారు పలికించాను.

ఓట్లనాడు వరసలో మొదటి మనిషి నా భార్య. శనగల దుకాణం పన్ను ఆమె పేర కట్టేవాళ్ళం, అందుకని ఓటు ఆమెకుంది. మిల్లులో గోనెలు కుట్టే నాకు లేదు. తలంటుకుని కొత్త కోక కట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది. అక్కడ రెండు పెట్టెలే, మనిషి ఉండడు. ఎంతకీ రాలేదు. బర్మా గుమాస్తా రెండుసార్లు దగ్గాడు.

ఆమె తర్వాత వెళ్ళిన బంగారయ్య చెంపలేసుకుంటూ బయటికి వచ్చాడు. ఆ తర్వాతివాడు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. అప్పుడైనా నాకు తెలియవలసింది.

సాయంత్రం పెట్టెలు తెరిచారు. పసుపు పెట్టెకు మూడు చోట్ల కుంకుమ బొట్లు. లోపల చీటీలతో పాటు తమలపాకులు, వక్కలు, ఒక పసుపు కొమ్ము, ఎవరో పిల్లాడి జ్వరం తగ్గాలని కట్టిన ముడుపు. ముడుపు చెల్లుతుందా అని గుమాస్తా పై అధికారిని అడిగాడు. నల్ల పెట్టెలో పదకొండు చీటీలు. అందులో ఒకటి దండాసిది.

ఇంటికి వచ్చి అడిగాను.

"బొట్టు నువ్వెట్టినావా?"

"కొత్త పెట్టి కదా మావా. బొట్టెట్టకుండా ఎలగ ముట్టుకుంతాం?"

"నల్లదానికెట్టలేకపోనావా?"

"బొగ్గుకి బొట్టేటి? పసుపు ఎదర కూకుంతే నలుపు కాడికి ఏ ముత్తయిదువెల్తాది?"

"పెమానం సేసినావు కదే!"

"అమ్మోరికే కదా సేసినాను. పెట్టిలో ఉన్నదీ అమ్మోరే. అయినా ఆ నలుపు ఎంచిన తెలివైనోడెవుడు మావా?"

ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడడం మానేశాను.

నీలకంఠం మూడేళ్ళు సభలో కూర్చున్నాడు. ఒక్కసారి నోరు విప్పాడట, గాలి కొడుతోంది కిటికీ మూయమని. రెండో వేసవిలో సూర్యావతికి వాంతులు పట్టుకున్నాయి. నీళ్ళడిగింది. బావి నీళ్ళే ఇచ్చాను, ఇంకేమున్నాయి గనక. "తాగు," అన్నాను. ఏడాదిన్నరలో ఆమెతో నేనన్న మాట అదొక్కటే. మధ్యాహ్నానికి పోయింది.

మరుసటేడు దొరలు గీత చెరిపేశారు. సీటు పోయింది. మా సందు పక్క వార్డులో కలిసింది. ఆ వార్డుకు నీటి గొట్టం ఉంది. ఎవరూ అడగకుండానే కొళాయి వచ్చింది.

ఆడవాళ్ళు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్కింటి మంగాయమ్మను నా దగ్గరికి పంపారు.

"రా బాబూ. సూర్యావతి పెట్టికి బొట్టెట్టబట్టే ఆలిస్సంగానైనా కొళాయొచ్చిందని అందరూ అంతన్నారు. సదువుకున్నోడివి, ఆ కత నీ నోట సెప్పు."

బిందె తీసుకుని వెళ్ళాను. వరసలో నిలబడి, నింపుకుని వచ్చాను. కథ చెప్పలేదు. ఒక్కసారి రాశాను, ఇదే. ఇక ఎవరడిగినా నోరు విప్పను.