ఆకు రాల్చని టేకు

మా బాపు యెషయా శంషాబాద్‌లో మా సమాధుల తోట కమిటీకి పెద్ద. అమ్మ సీతమ్మ సమాధి పక్కన ఆయన నాటిన టేకుకు ఈ మార్చిలో కూడా నిండా ఆకులున్నాయి. వరసలో మిగతా టేకులన్నీ బోడిగా నిలబడ్డాయి. దాంతో ఆయన కాలు నేల మీద నిలవడం లేదు.

“మీ అమ్మను ఇడిచిపెట్టి ఒక్క ఆకు గూడ పోలే, సూడు,” అంటాడు. నాతో అంటే ఊరుకునేదాన్ని. చర్చికి వచ్చినవాళ్లందరితో అన్నాడు. జల్‌పల్లి నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు. ఆకులు గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతున్నాయని ఒక్కరూ అనలేదు. పెద్దాయన కదా.

నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ చెట్టును నేనే.

ఈస్టర్‌కు ముందు సమాధులకు సున్నం వేస్తాం. ఈసారి ఎండిపోయిన టేకులు కూడా కొట్టించాలని బాపు చెట్లు కొట్టే కరుణ్‌ను మెషిన్ రంపంతో పిలిపించాడు. ఆయన దృష్టిలో ఎండినవంటే బోడివి. నాకు ఒళ్లు మండింది. అవన్నీ బతికే ఉన్నాయి. చచ్చింది అమ్మ చెట్టు. క్రిస్మస్‌కు ముందు బాపు సమాధికి గ్రానైట్ వేయించినప్పుడు, చుట్టూ తవ్వినచోట దాని వేళ్లు తెగిపోయాయి. ఆ సంగతి చెప్పకుండా మిగతా చెట్లను కాపాడే దారి లేదు. చెబితే బాపు ఏమైపోతాడో అని భయం.

కరుణ్ రంపం తాడు లాగాడు. నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

“సునీలక్కా, జర పక్కకు జరుగు,” అన్నాడు రంపం ఆపి.

“ఆగు. బాపూ, గవి సచ్చిపోలే. నీళ్లు తక్కువైతే చెట్టు ఆకులల్ల ఉన్న సత్తువను కొమ్మలకు గుంజుకుంటది. గప్పుడు పచ్చదనం పోయి, లోపల దాగిన పసుపు కనవడ్తది. ఆఖరుకు తొడిమె కాడ సన్నటి పొర కట్టి ఆకును తెంపుకుంటది. తెగిన జాగను మూసేసుకుంటది. గిదంత పానమున్న చెట్టు చేసే పని.”

“మరి మీ అమ్మ చెట్టు?” అన్నాడు బాపు.

అప్పుడే విమానం ఒకటి నెత్తి మీదుగా వెళ్లింది. అది దాటేదాకా మాట ఆపడం మాకు అలవాటే. ఆ రోజు అది ఇంకాస్త మెల్లగా పోతే బాగుండుననిపించింది.

“పానం లేని చెట్టుకు ఆకును ఇడిచే శక్తి ఉండది బాపూ.”

బాపు బోడి టేకు కొమ్మనొకదాన్ని వంచి గోటితో గీకాడు. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది. అమ్మ చెట్టు దగ్గరికి వెళ్లి గీకాడు. పొడి రాలింది. ఇంకోచోట గీకాడు. వంగి ఇంకా కింద గీకాడు. కరుణ్ రంపం కింద పెట్టేశాడు.

“ఎప్పుడు పోయింది?” అన్నాడు బాపు, చెట్టు మీద చెయ్యి తీయకుండానే.

“గ్రానైట్ ఏసినప్పుడు.”

ఆయన ఆ ఆకుల వైపు చూశాడు.

“గీ పొద్దు గూడ రెండు బిందెలు పోసిన బిడ్డా,” అన్నాడు.