పరాచికాల చుట్టం

మా ఊరు ఫంతాకుందాలో సంకుంగ్ ఇంటివాళ్ళకీ మా ఇంటివాళ్ళకీ పరాచికాల చుట్టరికం. ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. తాతల నాటి ఒట్టు అది. ఉప్పువాగు ఒడ్డున వాళ్ళ తాతా మా తాతా ఒకే పడవ దిగారు. అక్కడి మడ అడవి కొట్టి, ఉప్పునీళ్ళు రాకుండా కట్ట పోసి, వరిమడి చేసింది మాత్రం మా అవ్వ. మా దగ్గర వరి ఆడవాళ్ళ సొత్తు. ఆ మడి అవ్వ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి నాకూ వచ్చింది.

రోజూ సంకుంగ్ మా వాకిట్లోకొచ్చి అరిచేవాడు.

"ఒసేయ్ ముసుకేబా! మా తాత మూటలు మోసిన బానిసదానా! అన్నం వండావా?"

"వండాను దొరా! మీ తాత దయతలిచి పారేసిన మడిలో పండిందే. మెక్కి చావు, తిండిపోతు సచ్చినోడా!"

వీధంతా పకపకా నవ్వేది. వేరుశెనగ పులుసు పోస్తే వేళ్ళు నాక్కుంటూ పోయేవాడు.

ఈ ఎండాకాలం పట్నంవాళ్ళు పడవల రేవుకి మా మడి ఉన్న చోటు కొంటామన్నారు. వెంటనే మడి తనదని పంచాయితీ పెట్టించాడు సంకుంగ్. ఇదీ వేళాకోళమేననుకుని నవ్వుకుంటూ వెళ్ళాను. ఎంత పిచ్చిదాన్ని!

వాడు లేచి, నవ్వకుండా చెప్పాడు. "వీళ్ళు మా బానిసలు. మడి మా తాత ఇచ్చింది. ఆవిడే ఎన్నోసార్లు ఒప్పుకుంది. ఊరంతా విన్నారు."

"ఒరేయ్, అది పరాచికం కదరా!"

ఊరిపెద్దకీ ఆ రేవు మీద ఆశే. "అన్నావా, లేదా? అది చెప్పు చాలు" అన్నాడు.

"అన్నాను."

ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళంతా తలలు దించుకున్నారు. నా చేతి కూడు తిన్న నోటితోనే నన్ను ముంచాడు.

మడి వాడిదేనని తీర్పు చెప్పి, రేవుకోసం కట్ట తెగ్గొట్టారు. ఉప్పునీళ్ళొచ్చి మడి మాడిపోయింది.

ఆ మర్నాడే వచ్చాడు, ఏమీ జరగనట్టు. "ఏమే బానిసా, అన్నం ఉందా?"

నేను కొత్త చాప పరిచాను. రెండు చేతులా నీళ్ళు అందించాను. "దయచేయండి సంకుంగ్ గారూ. ఇంట్లో అంతా కులాసానా అండీ?"

వాడి నవ్వు ఆగిపోయింది. "అదేంటే? తిట్టవే!"

"పరాయివాళ్ళని తిట్టకూడదండీ."

"ముసుకేబా... ఒక్క తిట్టు తిట్టవే. నీకు దణ్ణం పెడతా."

నేను అన్నం వడ్డించి ముందు పెట్టాను. ఆ మడిలో పండిన ఆఖరి గింజలు. "భోంచెయ్యండి" అన్నాను.

ముట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు.