ఆ డ్రమ్స్ వాయించిందెవరు

ఆ క్యాసెట్ చేతికొచ్చిన రోజు నుంచీ భాస్కర్‌కి తిన్న తిండి ఒంటబట్టడం లేదు.

రంగూన్‌లోని లమ్మడా పేటలో రికార్డింగ్ స్టూడియో నడిపే బా టిన్ ఇచ్చాడు దాన్ని. అమెరికా దక్షిణాది బ్యాండొకటి చేసిన రాక్ ఆల్బమ్. అక్కడ లక్షల్లో అమ్ముడుపోయిందట. కాపీకి కాపీగా ఎన్ని చేతులు మారి వచ్చిందో గానీ, పెట్టె మీద బ్యాండు పేరు కూడా లేదు. పైదేశపు బాణీలకి బర్మా మాటలు పెట్టి క్యాసెట్లు వేయడం రంగూన్‌లో మామూలే. ఈ ఎనిమిది పాటలకీ డ్రమ్స్ భాస్కర్‌వి. ఉన్నదున్నట్టు దించాలన్నాడు బా టిన్.

దించబోతే అసలు సంగతి బయటపడింది. రెండు చేతులూ, రెండు కాళ్ళూ లెక్కకి సరిపోయాక కూడా మధ్యలో ఇంకేవో దెబ్బలు మిగిలిపోతున్నాయి. అవెక్కడివి? వీడు మనిషా, రాక్షసుడా?

తాకేటా పేటలోని ఇంట్లో బియ్యం ఏరుతున్న తల్లి సింహాచలమ్మ ఓ చెవి ఇటు వేసింది. "ఒరే, ఇద్దరు వాయిస్తన్నారేటో సూడరా."

"నీకేటి తెలుసే అమ్మా? ఒక్కడే!" అని కస్సుమన్నాడు భాస్కర్.

ఆ కోపం ఎందుకో ఆవిడకి తెలుసు. మందిరం భజనల్లో భాస్కర్, అతని తమ్ముడు త్రినాథ్ ఎదురెదురుగా కూర్చుని మద్దెలలు వాయించేవారు. అన్న వదిలిన సందులో తమ్ముడి దెబ్బ పడేది. ఎనభై ఎనిమిది ఆగస్టులో ప్రభుత్వం దిగిపోవాలంటూ సాగిన ఊరేగింపుల్లో త్రినాథ్ తిరిగాడు. సెప్టెంబరులో సైన్యం వీధుల్లోకి దిగి కాల్పులు జరిపాక, సరిహద్దు అడవుల్లోకి పోయిన కుర్రాళ్ళలో కలిశాడన్నారు. పది నెలలైంది. ఉత్తరం ముక్క లేదు. అయిదుగురు గుమిగూడకూడదన్న ఆర్డరుతో భజనా ఆగిపోయింది. ఎదురుగా తమ్ముడు లేకుండా వాయించవచ్చని ఎవరో ఒకరు భాస్కర్‌కి చూపించాలి. ఆ అమెరికావాడు చూపిస్తున్నాడు. కాబట్టి వాడు ఒక్కడే అయి తీరాలి.

ఇక రోజుకో ఊహ. ఎడమచేతి వాటమేమో. ఒక్కో చేతిలో రెండేసి పుల్లలు పట్టాడేమో. మోకాలికి ఏదైనా కట్టుకున్నాడేమోనని భాస్కర్ తనూ గజ్జెలు కట్టుకుని చూశాడు. సింహాచలమ్మ నవ్వలేక చచ్చింది. తలగడా, బిస్కెట్ల డబ్బా, తన తొడా, అన్నిటి మీదా వాయించాడు. మణికట్లు వాచాయి. రెండు నెలలకి ఆ మిగిలిన దెబ్బలు కూడా చేతుల్లోకి వచ్చాయి! పట్టరాని సంతోషం కలిగింది. ఇక ఆ మహానుభావుడి పేరు తెలుసుకోకపోతే నిద్రపట్టేలా లేదు.

విదేశీ ఓడలో పనిచేసే చంద్రరావు సెలవు మీద సేక్కాన్ పేటలోని ఇంటికి వచ్చాడని తెలిసి పరుగెత్తాడు. చంద్రరావు క్యాసెట్ కాస్త వినగానే పెట్టె తెరిచి, అదే ఆల్బమ్ రికార్డు బయటికి తీశాడు.

"ఆడి పేరేటి మావా?"

"ఆడేట్రా, ఆళ్ళు. సూడు."

అట్ట వెనక ఫొటోలో టోపీలు పెట్టుకున్న బ్యాండు వాళ్ళ వెనకాల రెండు డ్రమ్ సెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకడు రెండోవాడి చేతుల వంక చూస్తున్నాడు.

భాస్కర్ అట్ట తిరిగి ఇచ్చేశాడు. టీ తాగమన్నా ఉండలేదు. దారంతా ఏడుస్తూనే నడిచాడు.

ఆ నెలలోనే రికార్డింగు అయింది. క్యాసెట్ బాగా అమ్ముడైంది. వీధిలో ఏ టీ కొట్టు ముందు నిలబడినా అదే పాట. బా టిన్ ఒక కాపీ ఇంటికి పంపితే సింహాచలమ్మ పాటలన్నీ కళ్ళు మూసుకుని విన్నది.

"ఇదేట్రా, తమ్ముడి దెబ్బలన్నీ ఒగ్గీసినావు? నీకు రాలేదేటి?"

"వొచ్చు," అన్నాడు భాస్కర్. "అయ్యి కూడా నానే వాయించీస్తే ఆడింక రాడేమోనని బయమేసిందే అమ్మా."