ఒకే మంద తోలు

పొద్దున కొట్టు తలుపులు తీసేది వదిన, సాయంత్రం మూసేది ఆడపడుచు. మధ్యలో మాటలు తక్కువ, పని ఎక్కువ. వదిన కిటికీ పక్కన బల్ల మీద తోలు పరిచి, అరచేత్తో నిమిరి, ఎక్కడ మందంగా ఉందో ఎక్కడ పలచబడిందో చూసుకుని కోసేది. ఆడపడుచు ఆ ముక్కల్ని కొయ్య పాదాల మీద బిగించి, ఆరెతో చిల్లులు పొడిచి, మైనం పట్టించిన దారంతో జోళ్ళు కుట్టేది. ఆమెని అందరూ పిచ్చుక అనేవారు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని వాళ్ళన్న పెట్టిన పేరు. అన్న పోయి చాలా ఏళ్ళయింది. పిచ్చుకకి నలభై దాటాయి, కణతల దగ్గర నెరిసింది. ఇప్పుడు ముక్కాలిపీట మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

తోలు సంగతి అందరికీ తెలిసిందే. ఏ పశువు తోలైతే ఆ పశువు మేసిన పచ్చిక వైపు లాగుతుంది. గట్టిగా ఏం కాదు, పసిపిల్ల వేలు పట్టుకుని లాగినంత. కొత్త జోళ్ళు తొడిగిన రోజు అడుగు కాస్త తడబడుతుంది, మర్నాటికల్లా కాలికి అలవాటైపోతుంది. ఎడమదీ కుడిదీ ఒకేచోట మేసిన పశువులవైతే చాలు. ఆ వీధిలో అందరూ తొడిగేది ఒకే పెద్దాయన ఊని తయారుచేసిన తోలు కాబట్టి, వీధి వీధంతా ఉత్తరానికి కొద్దిగా ఒరిగి నడిచేది. గుమ్మాల రాళ్ళు కూడా ఆ పక్కే అరిగాయి.

ఆ పెద్దాయన తొట్లు ఏటి అవతల ఉండేవి. పచ్చి చర్మాలని నెలల తరబడి బెరడు నీళ్ళలో నానేసి తోలుగా ఊనేవాడు. ఈ చర్మాలు ఎక్కడివి తాతా అని అడిగితే, "ఆవుల మీదవి" అనేవాడు. అంతకుమించి నోరు విప్పేవాడు కాదు. ఆయన తోలు ఏ కాలంలో కొన్నా అదే మందం, అదే రంగు, అదే లాగుడు. అలాంటిది, ఒక ఏడాది చలి తగ్గాక ఆయన తొట్లు కడిగి బోర్లించి, తలుపుకి తాళమేసి ఎటో వెళ్ళిపోయాడు. వయసు మీద పడింది, చుట్టాలింటికి పోయుంటాడని జనం అనుకున్నారు.

అప్పటి నుంచి వదినకి తోలుతో తంటాలు మొదలయ్యాయి.

తోళ్ళ వ్యాపారి చెడ్డవాడేం కాదు. "పెద్ద కంపెనీలు లారీలకి లారీలు ఎత్తుకుపోతాయమ్మా. వాళ్ళు వదిలేసింది ఏరి మీబోటి వాళ్ళకి తెస్తున్నాను. అందులో ఏది ఎక్కడిదో నాకే తెలీదు" అని ఉన్నమాటే చెప్పేవాడు. కట్ట విప్పితే ఒకటి చెక్కలా ఉండేది, ఇంకొకటి ఉల్లిపొరలా. ఒకటి రంగంతా తాగేసి ఇంకా కావాలనేది, పక్కది చుక్క కూడా అంటనిచ్చేది కాదు. మొన్న నచ్చింది కదా అని మళ్ళీ అడిగితే, "అది మళ్ళీ రాదమ్మా" అనేవాడు. వదిన రంగు చూసి, బరువు చూసి, వాసన చూసి జత కలిపేది. కంటికి కవలపిల్లల్లా కనిపించిన ముక్కలు కాలికి తొడిగేసరికి ఎడ్డెమంటే తెడ్డెమనేవి.

రొట్టెలు కాల్చే ఆయన బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. "చూడమ్మా, ఎడమకాలు ఏటికంటుంది, కుడికాలు కొండకంటుంది. ఇద్దరి మధ్యా నేను చీలిపోయేట్టున్నాను."

బడి పంతులమ్మ పాఠం చెబుతూ చెబుతూ ఉన్నచోటే గిర్రున తిరిగిందట. పిల్లలకి అది బాగా నచ్చిందనీ, మళ్ళీ మళ్ళీ తిరగమన్నారనీ చెప్పి, నవ్వలేక నవ్వి జోళ్ళు అక్కడే వదిలేసి పోయింది. వదిన కాదనకుండా అన్నీ వెనక్కి తీసుకుంది. అటకమీద గోనెసంచిలో వేస్తే, అవి మూటలోనే తలా ఒక దిక్కుకీ మెసిలేవి.

ఆ రోజుల్లోనే ఆసుపత్రి నుంచి పెద్ద నర్సమ్మ వచ్చింది. తన కింద పనిచేసే నర్సులందరికీ చలికాలంలోపు జోళ్ళు కావాలంది.

"మా పిల్లలది పొద్దస్తమానం నిలబడే పని. సూది వేసేటప్పుడు కాలు ఎటో పోతానంటే కుదరదు కదమ్మా. ముందు ఒక జత చేసి చూపించండి."

చేసి చూపించారు. తొడుక్కున్న నర్సు మందుల పళ్ళెం పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేసి, గోడకి ఒకసారి, డాక్టరుకి ఒకసారి గుద్దుకుంది. పెద్ద నర్సమ్మ కసరలేదు. "తోలు దొరికితే చెప్పండి, ఎదురుచూస్తాను" అంది. ఆ మాటే వదినని ఎక్కువ బాధించింది.

మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర తింటుంటే వదిన తల ఎత్తకుండా అంది:

"కొట్టు మూసేద్దామే. నేను మా అక్క దగ్గరికి పోతాను. నిన్ను బొత్తాల ఫ్యాక్టరీలో తీసుకుంటారు, అడిగాను."

"నన్నడక్కుండానే అడిగావన్నమాట."

"నిన్నడిగితే ఒంటికాలి మీద లేస్తావని తెలుసు."

పిచ్చుక లేవలేదు. కాసేపు నమిలి, "తాత తోలు ఇంకా ఉంది కదా నీ దగ్గర?" అంది.

వదిన చెయ్యి ఆగింది. ఉంది. అలమర అడుగున, గుడ్డలో చుట్టి, ఒకే ఒక్క ముక్క. అడిగినవాళ్ళెవరికీ లేదనే చెప్పింది.

"దాన్ని నా కాలికి కొయ్యి వదినా. అది లాగే చోటికి పోయి చూసొస్తాను. ఇన్నేళ్ళూ అందరం అటు ఒరిగామే గానీ, ఆ చివర ఏముందో ఒక్కరం చూడలేదు."

"అక్కడ ఏమీ లేకపోతే?"

"లేకపోతే బొత్తాలున్నాయిగా."

వదిన రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడోనాటి పొద్దున పిచ్చుక కొట్టులోకి వచ్చేసరికి తోలు బల్లమీద పరిచి ఉంది. కోతంతా అయిపోయింది. కొలత అడగలేదు. పిచ్చుకకి పన్నెండేళ్ళున్నప్పటి నుంచీ ఆ పాదాలు ఆవిడకి తెలుసు.

జోళ్ళు కుట్టుకుని, తొడుక్కుని పిచ్చుక బయలుదేరింది. కాళ్ళని వాటి మానాన వదిలేస్తే అవి ఎంత హాయిగా నడుస్తాయో ఆమెకి అంతవరకూ తెలీదు. ఊరు దాటాక బస్సెక్కింది. బస్సు ఉత్తరానికి పోయినంతసేపూ పాదాలు బుద్ధిగా ఉన్నాయి. ఒక కూడలిలో బస్సు పక్కకి తిరగ్గానే సీటు కింద నుంచి ఎదురు సీట్లోకి పాకడం మొదలుపెట్టాయి. "మీ జోళ్ళు దిగమంటున్నట్టున్నాయి" అని కండక్టరు గంట కొట్టాడు. అక్కడి నుంచి నడక. దారిలో ఒక ఇంట్లో తలదాచుకుంది. మర్నాడు కంకర రోడ్డు మట్టి బాటయింది, బాట కాలిదారి అయింది, కాలిదారి గడ్డిలో కలిసిపోయింది.

కొండలకి కిందుగా పెద్ద పచ్చిక బయలు. మేస్తున్న ఆవులు. ఒక రేకుల కొట్టం. ఆ కొట్టం ముందు ఎడమ జోడూ కుడి జోడూ ఒక్కసారే ఆగాయి.

గుమ్మంలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా అదే బెరడు రంగు.

"తాతా! ఇక్కడున్నావా?"

"నేనెక్కడున్నానూ, నా బూట్లు ఇక్కడున్నాయి. వాటిలో నేనున్నాను" అన్నాడాయన. పక్కకి జరిగి చోటిచ్చాడు. "బతుకంతా ఇవి ఇటు లాగితే నేను అటు ఈడ్చాను. చర్మాలు బండి మీద వచ్చేవి కదా, ఈ చోటు నేనెన్నడూ చూడలేదు. చేతులు వణకడం మొదలయ్యాక తొట్లు కడిగేశాను. కడిగేసి, సరే పదండి అన్నాను."

మంద ఒక ఆడమనిషిది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. తాత పని మానేశాక పచ్చి చర్మాలు లారీవాడికి ఇచ్చేస్తున్నానని చెప్పింది. "వాడు పది ఊళ్ళవి కలేసి పట్టుకుపోతాడు. నాకూ మనసొప్పదు. ఎవరికిచ్చేది మరి?"

కొట్టం వెనక నాలుగు గోతులు. చేతులు ఊరుకోక తాత తవ్వించుకున్నవి. వచ్చిన కొత్తలో వేసిన తోళ్ళు అందులో సిద్ధంగా ఉన్నాయి. పిచ్చుక ఒకదాన్ని పైకి లాగి, నీళ్ళు కారుతుండగానే బొటనవేలితో నొక్కి చూసింది. అదే మందం. నర్సుల జోళ్ళకి పోను ఇంకొన్ని జతలకీ సరిపడా ఉంది.

"ఆ తర్వాత?" అంది.

"తర్వాత ఎవరైనా నేర్చుకుంటే ఉంటుంది. లేకపోతే లారీ ఉంది" అన్నాడు తాత. నేర్చుకోమని అడగలేదు.

మందామె చర్మాలు తిప్పే కర్ర అందుకోబోతుంటే పిచ్చుక తీసుకుంది. చీర ఎగదోపుకుని గోతి గట్టున నిలబడి తడిచర్మాలని కిందవి పైకి, పైవి కిందకి తిప్పింది. ముక్కు బద్దలయ్యే వాసన. నడుం పట్టేసింది. తాత గుమ్మంలోంచే, "మూలది వదిలేశావు... అంచు పట్టుకో, మెడ దగ్గర పట్టుకోకు" అంటూ చెబుతున్నాడు. ఎండ వాలాక గట్టున కూర్చుంటే పిచ్చుకకి ఒకటి అనిపించింది. ఊహ తెలిసినప్పటి నుంచి తన కాళ్ళు ఎటో ఒకవైపు లాగుతూనే ఉన్నాయి. ఈ సాయంత్రం ఎటూ లాగడం లేదు.

వారం గడిచాక లారీ వచ్చి కొట్టు ముందు ఆగింది. పిచ్చుక దిగి, తోళ్ళు దింపించింది. వదిన ఒక్కో తోలూ తడిమి, వాసన చూసి, తలాడించింది. ఆ తర్వాత ఆవిడ చూపు కిందకి దిగింది. పిచ్చుక కాళ్ళకి పాదం కంటే రెండు వేళ్ళు పొడుగున్న గుడ్డ బూట్లున్నాయి, మందామెవి.

"నీ జోళ్ళేవే?"

"అక్కడే ఉన్నాయి వదినా."

"ఎందుకు?"

"రానన్నాయి."

వదిన ఆ గుడ్డ బూట్ల వంక చాలాసేపు చూసింది.

"అవే అన్నాయా?" అంది చివరికి.

పిచ్చుక వంగి, జారిపోతున్న బూటు సర్దుకుంది. వదిన తోలు చుట్టచుట్టి పక్కన పెట్టి, "ముందు తిను. నీ ఒళ్ళు కంపు కొడుతోంది" అంది. లోపలికి పోయి నీళ్ళు కాచింది. పిచ్చుకకి తల రుద్దుతూ ఒకసారి మాత్రం, "అక్కడ చలి ఎక్కువేమో" అంది. ఎక్కువేనంది పిచ్చుక. మర్నాడు అన్న ఉన్ని కోటు పెట్టెలోంచి బయటికి వచ్చి, ఎండలో ఆరింది.

నర్సుల జోళ్ళు చలికి ముందే అందాయి. తొడుక్కున్న పిల్లలు రోగుల మంచాల మధ్య నీళ్ళ మీద పడవల్లా నడిచారు. పెద్ద నర్సమ్మ తనకీ ఒక జత అడిగింది. వచ్చే ఏడాదికి ఇంకో ఆసుపత్రి వాళ్ళూ చెప్పి వెళ్ళారు. రొట్టెలాయనా, పంతులమ్మా మళ్ళీ ఒకే కొలతలో ఒరిగి నడవసాగారు. ఆఖరి జత కుట్టిన రోజు పిచ్చుక దారం తెంపి, ఆరెని తుడిచి, వదిన చేతిలో పెట్టింది. వదిన బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలాక వదిన పక్కన నడుస్తూ, "అంచు పట్టుకోవే, మెడ దగ్గర కాదు!" అని గట్టిగా అరిచింది. తాత మాటగా పిచ్చుక రోజూ చెప్పిందే అది.

కుట్టుపనికి వీధి చివరి దర్జీ ఆమె రావడం మొదలుపెట్టింది. ఆవిడ వాగుడుకాయ. వదినకి మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత ఆవిడ రాని రోజు వచ్చేది.

చలీ, ఎండలూ, వానలూ వెళ్ళాక లారీవాడు ఒక కట్ట తెచ్చి దింపాడు. ఇందులో తాత చెయ్యి లేదట. మొదటి నుంచి చివరిదాకా పిచ్చుకే ఊనిందట. వదిన తాడు విప్పి ఒక తోలు బల్లమీద పరిచింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరచెయ్యి పోనిచ్చింది. వంగి వాసన చూసింది.

"ఎలా ఉందమ్మా?" అంది దర్జీ ఆమె.

"ఒక మూల కాస్త గట్టిపడింది. తిప్పేటప్పుడు వదిలేసుంటుంది" అంది వదిన. తోలు మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. మడమ నుంచి వేళ్ళ దాకా తన పాదం చుట్టూ కాగితం మీద గీత గీసుకుంది. ఆసుపత్రి వాళ్ళవి రేపు మొదలుపెడదామని చెప్పి, కత్తి నూరి, మొదటి జత తన కాలి కొలతకే కోసింది.