టాపులో రెండు చప్పుళ్లు

మా సిరాజుద్దీన్ మామ పళ్లతో వింటాడు. ఈ మాట నేను చెప్తే ప్రొద్దుటూరులో ఎవరూ నమ్మరు. తప్పు వాళ్లది కాదు. పెన్నలో మొసలి కనబడిందని చెప్పి ఒకసారి వంతెన మీద గంటసేపు బండ్లు ఆపించాను. మా వీధి మేకపోతుకు ఆధార్ కార్డు వచ్చిందని చెప్పి ఇద్దరిని మీసేవకు పంపాను. కానీ మామ సంగతి నిజం.

బండిలో ఎక్కడో టకటకమంటుంటే ఆయన జానెడు వేపపుల్ల ఒక కొసను పళ్ల మధ్య కరిచిపట్టి, రెండో కొసను ఇనుముకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. చప్పుడు పుట్టేచోట పళ్లు జివ్వుమంటాయట. కువైట్‌లో పదకొండేళ్లు బండ్ల రేకులు కొట్టి నేర్చుకున్న విద్య. ఇప్పుడు ప్రొద్దుటూరులో సొంత షెడ్డు. మామ పుల్ల కరిచాడంటే జీపులు భయపడి నిజం ఒప్పుకునేవి.

నేను డ్రైవరును. నబీ రసూల్ నా పేరు. మామకూ నాకూ ఒక ఆట ఉంది. ఆయన బాగుచేసిన బండిలో నేను గోళీనో, నట్టునో దాచిపెడతాను. ఆయన రెండు నిమిషాల్లో పట్టుకుని నా నెత్తిన మొట్టుతాడు. పన్నెండేళ్లుగా ఆయనే గెలుస్తున్నాడు. నా తల ఆ పక్క కొంచెం చదునైంది కూడా.

నగల కొట్టు గురుప్రసాద్ శెట్టికి టాపు మడిచే పాత కారు ఒకటుంది. వాళ్ల నాయన మద్రాసులో కొన్నది. ప్రొద్దుటూరు పెళ్లికొడుకుల్లో సగం మంది అందులోనే మెరవణిగా ఊరేగారు. మిగతా సగం అది దొరక్క పెళ్లి వాయిదా వేసుకున్నారు. శెట్టి తమ్ముడి కొడుకు వంశీధర్ పెళ్లి ఆదివారం పులివెందులలో. కారు అక్కడికి పోవాలి. దాని టాపేమో ఇనుప సామాన్ల బండిలా మోగుతోంది.

“సిరాజూ, ఈ మోతలో పులివెందల దాకా పోతే నాకు పిచ్చి పడతాది. నీకు శాతగాదంటే ఇప్పుడే చెప్పు, బెంగుళూరుకు పంపిస్తా” అన్నాడు శెట్టి.

“నాకు శాతగాకుంటే ఇంగెవురికి శాతనైతాది శెట్టీ? యిడిసిపెట్టి పో” అన్నాడు మామ.

రెండు రోజులు మామ బోల్టులన్నీ బిగించాడు. కీళ్లలో రబ్బరు ముక్కలు పెట్టాడు. నా లెక్కలో జబ్బు నయమైంది. అందుకే మూడోరోజు కారును పరీక్షకు తీసేముందు, టాపు గుడ్డను మోసే ఇనుప చట్రంలో వెనక పైపులోకి ఆరు చింతగింజలు వేశాను.

జమ్మలమడుగు రోడ్డెక్కాం. నేను తోలుతున్నాను, మామ వెనక కూర్చున్నాడు. గింజలు పైపులో దొర్లుతుంటే ఆ మోతకు శనగచేలల్లో కొంగలు లేచి పక్క జిల్లాకు వలసపోయాయి. మామ మాత్రం కిటికీలోంచి చేలు చూస్తున్నాడు.

“ఏమన్నా ఇనబడిందా మామా?”

జవాబు లేదు. హారన్ కొట్టాను. తల తిప్పలేదు. చివరికి, “మామా, ఎనక చక్రం ఊడిపాయె” అని గట్టిగా అరిచాను.

అద్దంలో నా పెదాలు కదలడం చూసినట్టున్నాడు. “ఊ, పోనీ పోనీ” అన్నాడు.

నాకు నవ్వు రావాలి. రాలేదు.

జమ్మలమడుగులో టీ కొట్టు దగ్గర ఆపాను. మామ నా మొహం చూసి గ్లాసు కింద పెట్టాడు. “తెలిసిపాయనా?” అన్నాడు. “కుడి చెవి కువైట్‌లోనే పోయింది. ఎడమది పోయి రెండు నెల్లు. ఎవురికీ చెప్పాకురా రసూలూ. చప్పుడు పట్టుకోమని చెవిటోని కాడికి ఎవురొస్తారు?”

“అత్తకు తెల్సా?” అని ఒక్కో మాటా విడదీసి అడిగాను.

“మీ షాహీదాబీ అత్తకా? ఆయమ్మకు యాడ తెల్సు? ఆయమ్మ అరుస్తాంటే ఇని గూడా ఇననట్టు నటిస్తాండానని అనుకుంటాంది.”

“నీ చెవులు నేను మామా. నాకు ఇనబడింది నీకు సైగ చేస్తా” అన్నాను. మామ తల ఊపాడు.

తిరుగు ప్రయాణంలో మామ ముందు సీట్లోకి వచ్చి వేపపుల్ల కరిచాడు. టాపును ముందు అద్దానికి పట్టి ఉంచే కొక్కేలు రెండున్నాయి. ఎడమ కొక్కేనికి పుల్ల ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

“ఈడ్రా. ఈడ జివ్వంటాంది.”

చప్పుడు ఎక్కడుందో నాకు తెలుసు. పెట్టిందే నేను. గింజల సంగతి చెప్పేస్తే, అంత మోత వినలేదని ఆయనకు తెలిసిపోతుంది. అది ఆయనకు చెప్పాలనిపించలేదు.

“కాదు మామా. ఎనక పైపులో” అని చేత్తో చూపించాను.

మళ్లీ పుల్ల ఆనించాడు. “కొక్కెంలో గూడా ఉండాదిరా.”

“పైపు చప్పుడే ఇనుములో పారి ఆడ తగుల్తాంది. నేను ఇంటాండా గదా!” పదో తరగతి మూడుసార్లు రాసినవాడిని, ఇంజనీరులా చెప్పాను.

మామ నా వైపు చూసి పుల్ల జేబులో పెట్టుకున్నాడు.

షెడ్డులో పైపు విప్పితే ఆరు గింజలూ ఆయన అరచేతిలో రాలాయి. నేను నెత్తి ముందుకు పెట్టాను. మొట్టలేదు. గింజలు చొక్కా జేబులో వేసుకున్నాడు. “కొక్కెం గూడా యిప్పి సూద్దామా?” అన్నాడు. శెట్టి ఎదురుచూస్తుంటాడు, తొందరగా పోవాలని సైగ చేశాను.

శెట్టి బజారులో రెండు చుట్లు తిప్పి చూశాడు. ఆ మెల్లటి తోలుడులో చీమ నడిచిన చప్పుడు కూడా లేదు. “నీవి చెవులు గావప్పా, డాక్టరు గొట్టాలు” అని మామ భుజం తట్టాడు. మామ నవ్వాడు.

ఆదివారం పొద్దున బయలుదేరాం. శెట్టి నా పక్కన పట్టుపంచెలో కూర్చున్నాడు. అక్కడ టాపు మడవడం మామకు తప్ప ఎవరికీ రాదు గనుక ఆయన వెనక ఉన్నాడు. ముద్దనూరు దాటాక రోడ్డు బాగుంది. వేగం పెంచాను.

అప్పుడు వినబడింది. టక్. టక్. దొర్లడం లేదు, ఒకేచోట కొడుతోంది. ఎడమ కొక్కెం.

“అదేంది?” అన్నాడు శెట్టి.

“గాలి శెట్టీ” అన్నాను.

బండి ఆపి ఉండొచ్చు. ఆపితే మామ పని సరిగా చేయలేదని శెట్టి అంటాడు, ఎందుకు చేయలేదో అడుగుతాడు. పులివెందుల ఇంక ఎంతోదూరం లేదనుకున్నాను. అద్దంలో చూస్తే మామ పుల్ల కరిచి, టాపు పక్క కమ్మీకి ఆనించి ఉన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి నా భుజం మీద కొట్టాడు.

“ఆపు! ఆపురా!”

ఎదురుగా కడప బండల లారీ వచ్చి పక్కనుంచి పోయింది. దాని గాలికి టాపు ఒక్కసారి ఉబ్బింది. కొక్కెం తెగింది. టాపు లేస్తుంటే పట్టుకుందామని మామ చేయి పైకి పెట్టాడు. కమ్మీలు కత్తెరలా మూసుకుంటూ వెనక్కి పడ్డాయి.

ఇక్కడ నేనేమీ పెంచి చెప్పడం లేదు. మామ కుడిచేతి వేళ్లు మూడు తెగిపోయాయి. పుల్ల పళ్ల మధ్యే విరిగింది.

పులివెందుల ఆసుపత్రిలో కట్టు కట్టాక మమ్మల్ని లోపలికి రానిచ్చారు. శెట్టి పట్టుపంచె ఎర్రగా తడిసి ఉంది. మంచం పక్కన నిలబడి, “అంత చప్పుడొస్తాంటే నీకు ఇనబడలేదా సిరాజూ?” అన్నాడు.

మామ అతని పెదాలు చూశాడు.

“ఇనబడదు శెట్టీ. రెండు నెల్లాయ నాకేమీ ఇనబడక. చెప్పకుండా పని ఒప్పుకున్న్యా. తప్పు నాదే.”

శెట్టి నా వైపు తిరిగాడు. లేని మొసలి కోసం వంతెన ఆపించినవాడిని, నోరు తెరవలేదు. శెట్టి ముహూర్తం ఉందని వెళ్లిపోయాడు. కారిడార్లో ఫోన్లో చెప్పడం నాకు వినబడింది. “చెవుడంట. సిరాజుకు చెవుడంట.” మేం ఇల్లు చేరేలోపు ప్రొద్దుటూరంతా తెలిసిపోతుంది.

మామ ఎడమచేత్తో చొక్కా జేబు తడిమి, ఆరు గింజలు దుప్పటి మీద పెట్టాడు.

“గింజలు దొర్లుతాయి అల్లుడా. ఇనుము ఒక్కసోటే కొడతాది. పండ్లకు తెలుస్తాది. నాకు రెండూ తెలిసినాయి.”

“మరి గట్టిగా చెప్పకపోతివే మామా?”

“చెవులుండేటోడు కాదు కాదంటాంటే, చెవిటోడు ఎంతసేపురా ఔననేది?”

నేను నెత్తి వంచాను. మొట్టికాయ పడలేదు. తలెత్తి చూస్తే, మామ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.