స్కోన్ల పిండిలో పైచేయి

"స్టోన్సా? ఏ సైజు?" అన్నాడు సూర్యప్రకాశ్, పేపరు దించకుండానే. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉద్యోగకాలమంతా కిడ్నీల్లో రాళ్లు తీసి రిటైరైన డాక్టరు గనక ఆ చెవికి రాళ్లే వినిపిస్తాయి.

"స్టోన్స్ కాదండీ, స్కోన్స్, టీలోకి తినే చిన్న బన్నులు! గార్డెన్ క్లబ్ లేడీస్‌కి ఫస్ట్ టైమ్ మనింట్లో టీ. నా పరువు తీయకండి," అంది భార్య ఆండాళ్. "పిండిలో వెన్న కలిపేశా. మజ్జిగ పోసి, బ్లూబెర్రీలు వేసి, కాస్త దగ్గరికి చేర్చి ఓవెన్‌లో పెట్టండి. నేను స్నానం చేసొస్తా."

గిన్నెలో పిండి పొడిపొడిగా ఉంది, వెన్న పలుకులు పలుకులుగా కనిపిస్తోంది. ఆండాళ్‌ సరిగ్గా కలపలేదనుకున్నాడు. చపాతీ పిండి దగ్గర ఆ ఇంట ఆయనదే పైచేయి. ఆ చేత్తోనే పలుకన్నది మిగలకుండా పిసికాడు. పిండి సాగింది, పళ్లు చితికాయి, మొత్తం నేరేడు రంగుకి తిరిగింది. ముక్కలు కోసి ఓవెన్‌లో పెట్టేశాడు.

అతిథులు కూర్చున్నాక స్కోన్లు వచ్చాయి. ఒక్కటీ పొంగలేదు. పక్కింటి పెగ్గీ, పళ్లున్న స్కోను మీద తన పళ్లు ఆనించి చూసి, మర్యాదగా టీలో ముంచింది. ఆండాళ్ ఎవరి వంకా చూడలేదు.

సూర్యప్రకాశ్ లేచి నిలబడ్డాడు. "ఈవిడ స్కోన్స్ అంటే నాకు స్టోన్స్ అని వినపడింది. వెన్న పలుకులు అలాగే ఉంచాలని తెలియక చపాతీ పిండిలా పిసికేశాను. ఈ రాళ్లు నావి. ఈవిడ తప్పేం లేదు."

"పోన్లెండి డాక్టర్, తీయడం మీకొచ్చుగా," అంది పెగ్గీ.

అందరూ నవ్వారు. అందరికంటే ఆలస్యంగా ఆండాళ్ కూడా నవ్వి, ఆయన ప్లేటులో రెండు వేసింది.