గాలిలోకి మూడుసార్లు

స్తెర్గ్యోస్ కంచరగాడిద పొట్ట కింది తాడు లాగి బిగించాడు. అది గడుసుది. తాడు కట్టేటప్పుడు పొట్ట ఉబ్బించి ఊరుకుంటుంది. అది ఊపిరి వదిలేదాకా ఆగి, డొక్కకు మోకాలు ఆనించి మళ్ళీ లాగాలి. ఇరవై ఏళ్ళుగా తెల్లారితే అతనికి ఇదే పని. మా కొండమీది ఊరి నుంచి జున్ను కిందికి, వంతెన ఊరి నుంచి ఉప్పూ కిరసనాయిలూ పైకి. మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు దిగిపోయింది. తాడులో పడి తెగిన చిటికెనవేలు మొండిగా మిగిలింది.

ఆ రోజు జున్ను లేదు. జీనుమీద రెండు బొంతలు పరిచి హైదోను కూర్చోబెట్టాడు. కాన్పయి నాలుగు రోజులు, ఒళ్ళు కాలిపోతోంది. ఒళ్ళో బిడ్డ, మగపిల్లాడు, నిన్నటి నుంచి పాలు పట్టడం లేదు. వైద్యుడున్నది వంతెన ఊళ్ళో. మా చర్చి గురువు పాపా లోలిస్ కూడా మేరీమాత పండగకని అక్కడికే దిగాడు. బిడ్డకింకా బాప్తిస్మం కాలేదు, అంటే పేరు లేదు.

హైదో అత్త లాంబ్రోకు కాళ్ళ వాపు, నాలుగడుగులు వేయలేదు. గడప పట్టుకుని నిలబడి, జాగ్రత్తగా తీసుకుపో నాయనా అంది. వసంతంలో ఆమె కొడుకు, హైదో మొగుడు మీత్రోస్, దేవదారు చెట్టు మీద పడి చనిపోయాడు. అతను పోయిన నలభయ్యో రోజున ఆ ముసలమ్మే స్తెర్గ్యోస్‌ను పిలిచి చెప్పింది: ఇంటికి మగదిక్కు కావాలి, ఏడాది ప్రార్థనలు కానివ్వు, హైదో తలమీదా నీ తలమీదా పెళ్ళి కిరీటాలు పెట్టిస్తాను అని. స్తెర్గ్యోస్ తల వంచుకుని విన్నాడు. నలభై మూడేళ్ళ మనిషి, ఆ రాత్రి అన్నం తినలేకపోయాడు. ఇరవై నాలుగో ఏట హైదోనే అడిగితే, గాడిదలవాడికి పిల్లనివ్వనని ఆమె తండ్రి తలుపు వేసుకున్నాడు మరి.

కాఫీ కొట్టు ముందునుంచి వెళుతుంటే ఒకడు అననే అన్నాడు. "ఏం స్తెర్గ్యో, పెళ్ళి కాకముందే సంసారం మోస్తున్నావే."

"నువ్వు పెళ్ళయ్యీ మోయడం లేదుగా," అన్నాడు, గాడిదను ఆపకుండానే.

ఆగస్టు ఎండ. కొండ చరియ తెల్లగా మండుతోంది. మలుపు దగ్గర ఊట ఎండిపోయింది, రాతిమీద తడి మరక కూడా లేదు. తోలుసంచీలో మిగిలిన నీళ్ళు గంట కిందటే హైదో నోట్లో పోశాడు. నది లోయ అడుగున కనిపిస్తోంది, దారంలా. వంతెనకు ఇంకో గంట.

"స్తెర్గ్యో," అంది హైదో. గొంతులో ఏదో విని అతను వెనక్కి తిరిగాడు.

బిడ్డ పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి ఒకటి తీసి, ఆగి, చాలాసేపటికి ఇంకొకటి తీస్తున్నాడు.

నీళ్ళు లేనిచోట బిడ్డ ప్రాణం మీదికి వస్తే గాలిలోకి మూడుసార్లు ఎత్తి బాప్తిస్మం మాటలు చెప్పాలి. గురువే అక్కర్లేదు, విశ్వాసి ఎవరైనా చాలు. ఇది మాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. బాప్తిస్మం ఇచ్చినవాడు బిడ్డకు జ్ఞానతండ్రి అవుతాడు, బిడ్డ తల్లి అతనికి తోబుట్టువు అవుతుంది. ఆ ఇద్దరికీ పెళ్ళి కిరీటాలు పెట్టే గురువు ఈ లోకంలో ఉండడు.

అతను చేతులు చాచేలోగానే హైదో బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"నువ్వు వద్దు. నేనే ఎత్తుతా."

ఎత్తబోయింది. మోచేతులు వణికి, బిడ్డ గుండెదాకా వచ్చి ఒళ్ళోకి జారిపోయాడు. పళ్ళు బిగించి మళ్ళీ ఎత్తింది. ఈసారి గుండెదాకా కూడా రాలేదు.

"ఇంకాస్త పోదాం. ఎవరైనా ఎదురొస్తారు," అంది.

అతను దారి వైపు చూశాడు. పైన మేకలు లేవు, కింద మనిషి లేడు. బిడ్డ ఊపిరి కోసం ఎదురుచూశాడు. అది రావలసిన వేళకు రాలేదు.

"నువ్వెత్తితే మనకిక..."

"తెలుసు," అన్నాడు.

బిడ్డను తీసుకున్నాడు. పిల్లి కూనంత బరువు కూడా లేదు. పేరు ఆమెను అడగలేదు.

"దేవుని దాసుడు మీత్రోస్ బాప్తిస్మము పొందుచున్నాడు. తండ్రి నామమున, ఆమేన్." ఎత్తి దించాడు. "కుమారుని నామమున, ఆమేన్." వంకర భుజం కలుక్కుమంది. "పరిశుద్ధాత్మ నామమున, ఆమేన్."

హైదో ముఖం గాడిద మెడవైపు తిప్పుకుంది.

వంతెన ఇంకా కనిపించకముందే మీత్రోస్ ఊపిరి ఆగింది. ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. గాడిద మాత్రం తన నడక తను నడిచింది.

హైదోకు సూది వేసి, ప్రాణానికి భయం లేదని చెప్పి వైద్యుడు పక్క గదిలోకి వెళ్ళాక పాపా లోలిస్ వచ్చాడు. బల్లమీద తెల్లగుడ్డ చుట్టిన బిడ్డను చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు. పేరున్న బిడ్డయితేనే ప్రార్థనలతో శ్మశానం గోడ లోపల పూడ్చగలడు. పేరేమిటని అడిగాడు, ఎవరి చేతుల మీదని అడిగాడు.

"మీత్రోస్," అంది హైదో గోడను చూస్తూ. "దారిన పోతున్న కాపరి ఎవరో ఎత్తాడు. ఎవరో తెలియదు."

గురువు స్తెర్గ్యోస్ వైపు చూశాడు. అతను తలుపు దగ్గర టోపీ నలుపుతూ నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుంటే చాలు. ఏడాది నిండేదాకా, ఎనిమిది నెలలు మూసుకుంటే చాలు.

"కాపరి కాదయ్యా. నేనే ఎత్తాను."

హైదో కళ్ళు మూసుకుంది.

"వాడికి తండ్రి లేడు," అన్నాడు, ఆమెతోనో గురువుతోనో. "జ్ఞానతండ్రి కూడా ఎవరో తెలియనివాడైతే, చచ్చినవాళ్ళందరూ లేచే రోజున పసివాడు ఎవరి చెయ్యి పట్టుకుంటాడు?"

గురువు బిడ్డ మీది గుడ్డ సరిచేశాడు.

"దాహంగా ఉంది, కుంబారే," అంది హైదో. మాలో జ్ఞానతండ్రిని పిలిచే పిలుపు అది. అతను కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. గ్లాసు అందుకునేటప్పుడు వేళ్ళు తగలకుండా అందుకుంది.

సాయంత్రం బిడ్డను శ్మశానం గోడ లోపల పూడ్చారు. వారం తర్వాత స్తెర్గ్యోస్ ఆమెను ఇంటికి చేర్చి, గడపలో దించి వెళ్ళిపోయాడు. ఆ శీతాకాలం గాడిదను తోలుకుని రేవు ఊళ్ళ వైపు పోయాడని విన్నాం. మళ్ళీ మా దారిలో ఎవరికీ కనపడలేదు.

పునరుత్థాన పండగ ముందురోజు పొద్దున లాంబ్రో తలుపు తీస్తే గడపమీద కొవ్వొత్తి ఉంది. జ్ఞానతండ్రులు ఏటా పిల్లలకిచ్చే సన్నటి తెల్ల కొవ్వొత్తి, నీలం రిబ్బను చుట్టి ఉంది. ఒక చేతి పట్టుకు సరిపోయేంత, అదీ చిన్న చేతికి.